విశాఖ చెమ్మలో పాత చందమామలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల మాసపత్రిక చందమామ 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో ఒకేసారి మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి స్థాపించారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని తెలుగును తీర్చిదిద్దారు. 2013 నాటికి అచ్చు ఆగిపోయింది. ఇక కొత్త సంచిక రాదు. ఇళ్లలో అటకల మీద, ట్రంకు పెట్టెల్లో మిగిలినవే మనకున్నవి. వాటిలో ఏటా కొన్ని సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు తూకానికి పోతున్నాయి, కొన్ని భోగిమంటలోకి పోతున్నాయి. మిగిలినవాటిని ఉప్పుగాలి నెమ్మదిగా తినేస్తోంది. తూకానికి వేయకుండా ఆపడం ఒక్క మాటతో అయ్యే పని. ఉప్పుగాలిని ఆపడానికి మాత్రం కొంచెం పద్ధతి తెలియాలి.

అటక మీది పెట్టె దించాం. ముందు ఏం చెయ్యాలి?

పేజీలు తిప్పకండి. కోరిక ఆపుకోవడం కష్టమే, కానీ ఎక్కువ నష్టం జరిగేది ఆ మొదటి అరగంటలోనే. ముక్కుకు మాస్కు కట్టుకుని, మంచం మీద పాత తెల్ల దుప్పటి పరిచి, సంచికలను ఒక్కొక్కటిగా రెండు చేతులతో తీసి మూడు కుప్పలు పెట్టండి. పొడిగా, గట్టిగా ఉన్నవి ఒకటి. చేతికి చల్లగా తగులుతూ ముక్కవాసన వేసేవి రెండోది. బూజు గానీ పురుగు గానీ కనిపించేవి మూడోది. ఈ మూడో కుప్పను వెంటనే పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టేయండి. లేకపోతే బూజు రేణువులు ఫ్యాను గాలికి మిగతా రెండింటి మీదికి చేరతాయి.

దుమ్ము దులపడానికి రెండంగుళాల మెత్తటి పెయింటు బ్రష్షు చాలు. వెన్ను వైపు నుంచి బయటి అంచుకు, ఒకే దిశలో దులపాలి. పాత ఊరు, జ్ఞానాపురం వైపు ఇళ్లలో ఆ దుమ్ములో పోర్టు బొగ్గు మసి కలిసి ఉంటుంది. దాన్ని గుడ్డతో రుద్దితే కాగితం పీచులోకి దిగి నల్లటి మరకై నిలిచిపోతుంది. తడిగుడ్డ అయితే ఇంకా చేటు.

డాబా మీద ఎండబెట్టొచ్చా?

వద్దు. పప్పులకూ అప్పడాలకూ మంచిదైన ఎండ ఈ కాగితానికి విషం. పాత పత్రికల కాగితం ఎక్కువగా కలపగుజ్జుతో చేసింది. అందులో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండ తగిలితే అది పసుపెక్కి, కాగితాన్ని పెళుసుగా మారుస్తుంది. అట్టమీది రంగులూ వెలిసిపోతాయి. నీడలో, ఫ్యాను కింద, సంచికను కొద్దిగా తెరిచి నిలబెట్టి రెండు రోజులు ఉంచండి. వానాకాలం అయితే తలుపులు మూసి ఏసీని డ్రై మోడ్‌లో పెట్టండి.

హైదరాబాదులో చుట్టాలింట్లో అదే ఏడాది సంచికలు బాగున్నాయి. మావే ఎందుకిలా అయ్యాయి?

గాలిలో తేమ వల్ల. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం దాటే ఉంటుంది. కాగితానికి నప్పేది 40 నుంచి 55 శాతం. 65 దాటి నిలిచిందంటే బూజు మొలవడానికి అదే చాలు, పైనుంచి నీళ్లు కారనక్కర్లేదు. దానికి సముద్రం ఉప్పు తోడై పిన్నులను తుప్పు పట్టిస్తుంది. తేమ ఎక్కువైన చోట కాగితంలోని పుల్లటి గుణం కూడా వేగంగా పనిచేస్తుంది. పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేసే గది మామూలు గది కన్నా మంచిదేం కాదు. ఏసీ ఆగగానే బయటి చెమ్మగాలి చల్లబడిన కాగితం మీద వాలుతుంది.

మరి ఎక్కడ, ఎలా దాచాలి?

బయటి గోడకు ఆనించని చోట. వాన గోడలోంచి ఊరుతుంది కాబట్టి బీరువాకూ గోడకూ నాలుగంగుళాలు ఎడం ఉండాలి. కింది అర నేల నుంచి కనీసం ఆరంగుళాల ఎత్తులో ఉండాలి. గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో చెదలు వచ్చేది నేలలోంచే. అటకా వద్దు, స్లాబు కింద వేడి మరీ ఎక్కువ.

సంచికలు పది పన్నెండు ఉంటే ఇనప బీరువాలో మధ్య అర చాలు. వంద దాటితే రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలు తీసుకోండి. 50 లీటర్ల డబ్బాకు సుమారు 250 గ్రాముల సిలికా జెల్‌ను (తేమను పీల్చే గుళికలు) పలచటి గుడ్డసంచిలో వేసి మూలన పెట్టాలి. రంగు మారేది కొంటే నారింజ రంగుదే కొనండి. నీలం రంగుదానిలో కోబాల్ట్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు. రంగు మారాక ఓవెన్‌లో 110 నుంచి 120 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు చెమ్మగా ఉన్న సంచికలను గాలి చొరని డబ్బాలో పెట్టి మూసేయడం. లోపలి తేమ బయటికి పోలేక నెల తిరిగేసరికి బూజు పడుతుంది. ముందు ఆరాలి, తర్వాతే మూయాలి.

డబ్బాలో చిన్న తేమ మీటరు ఒకటి పెట్టుకోండి. కొద్ది వందల రూపాయల్లో దొరుకుతుంది. చవక మీటర్లు తప్పు చూపించవచ్చు కాబట్టి ఉప్పుతో సరిచూసుకోవాలి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీరు చిలకరించండి. మూతనూ మీటరునూ జిప్ కవర్లో పెట్టి ఎనిమిది గంటలు కదపకండి. 75 చూపించాలి. 70 చూపిస్తే ఆ మీటరు ఎప్పుడూ ఐదు తక్కువ చెబుతోందని లెక్క.

కలరా ఉండలు, వేపాకు వేస్తే పురుగు రాదంటారు?

కలరా ఉండల వాసన మనుషులకు మంచిది కాదు. ఏళ్లు గడిచినా పేజీల్లోంచి పోదు కూడా. వేపాకు ఎండాక పొడై కాగితానికి మరక పెడుతుంది, సరిగ్గా ఎండకుండా పెడితే తేమను తనే తెస్తుంది. చాలా సంచికల్లో నెమలీక దొరుకుతుంది. పిల్లలు పెడుతుందని దాచుకున్నది అది. దాన్ని పారేయకండి, కానీ సంచికలో ఉంచకండి. ఈకలను తినే పురుగులున్నాయి. చిన్న జిప్ కవర్లో వేసి, ఏ సంచికలో దొరికిందో పైన రాసి పెట్టుకోండి.

పురుగు నిజంగా కనిపిస్తే, అంటే వెండిరంగులో చురుగ్గా పాకే సిల్వర్ ఫిష్ గానీ, ఇసుకరేణువంత బూడిదరంగు పేలు గానీ ఉంటే, మందు కొట్టక్కర్లేదు. ఆరిన సంచికను రెండు పాలిథిన్ కవర్లలో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక 24 గంటలదాకా కవరు విప్పకండి. మన ఊరి గాలికి చల్లటి కాగితం మీద క్షణంలో నీళ్లు పడతాయి.

పిన్నులు తుప్పు పట్టి పేజీలు ఊడుతున్నాయి. ఏం చెయ్యాలి?

పిన్ను తీయాల్సిందే. తుప్పు పక్కకు పాకుతూ కాగితాన్ని కొరికేస్తుంది. మధ్యలో మడతపెట్టి పిన్ను కొట్టిన సంచికలో ముందు ఊడేది నడిమి షీటు. 64 పేజీల సంచిక అయితే అది 31 నుంచి 34 దాకా. కథ సగంలో ఆగిపోయిన సంచికలు అన్ని కనిపించడానికి కారణం ఇదే.

ఆఫీసుల్లో వాడే పిన్ రిమూవరు వాడకండి, అది కాగితాన్ని పళ్లతో పట్టి లాగుతుంది. సంచికను నడిమి పేజీ దగ్గర తెరవండి. పిన్ను కాళ్ల కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, సన్నటి స్టీలు స్కేలు మూలతో ఒక్కో కాలినీ పైకి లేపి నిటారుగా నిలబెట్టండి. తర్వాత సంచికను తిప్పి వెన్ను వైపు నుంచి పిన్నును బయటికి తీయాలి. కాలు విరిగి లోపల ఉండిపోతే సన్నటి ముక్కుపటకారుతో లాగండి. చుట్టూ మిగిలిన తుప్పు పొడిని పొడి బ్రష్షుతో దులపండి, గీకకండి.

ఇక కుట్టు. పాత పిన్నుల రంధ్రాలు రెండూ వాడుకుంటూ, వాటి మధ్యలో సూదితో మూడోది చెయ్యండి. రంగు వేయని నూలుదారం, సంచిక ఎత్తుకు రెండున్నర రెట్లు పొడవు. లోపలి నుంచి మధ్య రంధ్రంలోంచి బయటికి వెళ్లి, పై రంధ్రంలోంచి లోపలికి రండి. మధ్యది వదిలేసి, లోపలివైపునే కింది రంధ్రం దాకా వెళ్లి బయటికి తీయండి. మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి వచ్చి, లోపల పొడుగ్గా ఉన్న దారానికి చెరోవైపు కొసలు ఉండేలా ముడి వేయండి. దారం మడత వెంబడే లాగాలి. అడ్డంగా లాగితే రంధ్రం చిరుగుతుంది.

పక్క నుంచి పిన్ను కొట్టిన సంచికలను ఇలా కుట్టలేం. తుప్పు తీసి, అవే రంధ్రాల్లోంచి వదులుగా దారం కట్టి ఆపేయండి.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేశాం. తప్పా?

కొన్నేళ్లకు టేపు పైపొర ఊడిపోతుంది, జిగురు మాత్రం గోధుమరంగు మరకై కాగితంలో ఉండిపోతుంది. ఇప్పటికే వేసిన టేపు గట్టిగా అంటుకుని ఉంటే పీకకండి, అచ్చు కూడా దాంతోపాటే లేచి వస్తుంది.

కొత్త చిరుగులకు 9 నుంచి 12 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) జపనీస్ టిష్యూ అనే పలచటి పీచుకాగితం, గంజిజిగురు వాడాలి. జిగురు ఇంట్లోనే చేసుకోవచ్చు. వంద గ్రాముల మైదాను ముద్దగా కలిపి అరగంట నాననిచ్చి, గిన్నెడు నీళ్లలో పిసకండి. పాలలాంటి నీరు దిగుతుంది, చేతిలో రబ్బరులాంటి బంక మిగులుతుంది. బంక పారేసి, నీటిని రాత్రంతా తేరనివ్వండి. పొద్దున పైనీరు వంపేస్తే అడుగున తెల్లగా పేరుకున్నదే మనకు కావాల్సిన గంజి. దానికి నాలుగింతల నీళ్లు పోసి, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. తెలుపు పోయి అద్దంలా మెరవగానే దించి, గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది.

టిష్యూను కత్తెరతో కాకుండా చేత్తో, అర సెంటీమీటరు వెడల్పున చింపండి. అంచు పీచు బయటికి వస్తేనే బాగా కలిసిపోతుంది. పలచగా జిగురు రాసి చిరుగు మీద వేసి, పైనా కిందా బటర్ పేపరు పెట్టి, లావుపాటి పుస్తకం బరువుగా పెట్టి రాత్రంతా వదిలేయండి. జిగురు ఎక్కువైతే పేజీ ఉబ్బి ముడతలు పడుతుంది. తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ అక్కడే.

ఈ జిగురులో మైలుతుత్తం కలపమని ఎవరైనా చెబితే కలపకండి. పురుగు రాదన్నది నిజమే, కానీ అది కాగితాన్నే కాల్చేస్తుంది. లామినేషన్ ఊసే వద్దు. ఒకసారి చేశాక వెనక్కి తీయలేం.

తుఫానులో తడిసిపోతే?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊరంతా రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి పద్ధతి ముందే తెలిసి ఉండడం అవసరం. మీకున్న గడువు 48 గంటలు, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. నీళ్లోడుతున్న సంచికను తెరవకుండా, పిండకుండా, నిలువుగా ఓరగా పెట్టి నీరు కారనివ్వండి. కాస్త గట్టిపడ్డాక పది పేజీలకొకటి చొప్పున తెల్ల కాగితం పెట్టి, గంటకోసారి మార్చండి. రంగుల న్యూస్‌పేపరు పెడితే దాని సిరా అంటుకుంటుంది. నున్నటి అట్టలు ఆరేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడిగా ఉండగానే అట్టకూ పేజీకీ మధ్య బటర్ పేపరు పెట్టాలి. సంచికలు ఎక్కువై చేతులు చాలకపోతే, కరెంటు ఉన్నచోట ఎవరిదైనా ఫ్రీజర్లో కవర్లలో పెట్టి ఆపండి. తర్వాత రెండేసి తీసి ఆరబెట్టుకోవచ్చు.

ఏడాదికి పన్నెండు కలిపి బైండు చేయిద్దామా?

ఇదివరకు ఇళ్లలో అలాగే చేయించేవారు. వాటి వల్లే చాలా సంచికలు బతికాయి కూడా. ఇప్పుడు కొత్తగా చేయించమని మాత్రం మేం చెప్పం. బైండరు కత్తి మూడు వైపులా అంచు కోసేస్తుంది, అట్టలు తీసేస్తారు, పక్క కుట్టు వేస్తే వెన్ను దగ్గర అక్షరాలు కుట్టులో దాగిపోతాయి. విడివిడిగా కవర్లలో ఉంచడమే మేలు. తప్పదంటే బైండరుకు మూడు మాటలు ముందే చెప్పండి: అంచు కొయ్యొద్దు, అట్టలతో సహా కుట్టాలి, మడత మధ్యలోంచి కుట్టాలి. పని మొదలయ్యాక చెబితే లాభం లేదు.

పాత బైండు విప్పకండి. అది గట్టిగా ఉన్నంతకాలం దానికి మించిన రక్షణ లేదు.

అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. ఏ ఏడాదిదో ఎలా తెలుస్తుంది?

ధర కనిపిస్తే సగం పని అయినట్టే. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. నయాపైసలు అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది. ప్రకటనల్లో చిరునామాలు చూడండి. మద్రాసు-26 అని మాత్రమే ఉంటే పాతది. 600 026 అని ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. చెన్నై అని ఉంటే 1996 తర్వాతది.

తర్వాత సీరియల్ పేరు, అది ఎన్నో భాగమో చూడాలి. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ 1954లో మొదలైంది. ఒక సీరియల్లో ఒక్క భాగం తేదీ దొరికినా, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి మిగతావన్నీ తేల్చేయొచ్చు. బొమ్మల మీద సంతకాలు కూడా సాయం చేస్తాయి. ‘చిత్ర’ గీసిన సీరియల్ బొమ్మలుంటే పాత కాలానిది, ఆయన 1978లో పోయారు. శంకర్ మాత్రం దశాబ్దాలపాటు గీశారు కాబట్టి ఆయన బేతాళుడి బొమ్మ ఒక్కటే చూసి ఏడాది చెప్పలేం.

వపా గారి అట్టను ఫ్రేము కట్టించుకోవాలని ఉంది.

ఆ కోరిక ఈ ప్రాంతం వాళ్లకు సహజం. చందమామ అట్టలకు బొమ్మలు గీసిన వపా, అంటే వడ్డాది పాపయ్య, శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. విశాఖ నుంచి గంటన్నర ప్రయాణం కూడా లేదు. ఆ అట్టల్లోని చీర అంచులూ, పొద్దువాలే ఆకాశమూ ఎప్పుడో ఒకసారి తీరిగ్గా భూతద్దంతో చూడండి. నీలం, ఎరుపు, పసుపు, నలుపు చుక్కలు తప్ప మరేం లేవు. కాస్త దూరం జరిగితే అవే ఆ రంగులన్నీ అవుతాయి.

అసలు అట్టను మాత్రం కొయ్యకండి. అట్ట పోయిన సంచికలో బయటి పేజీలే మొదట రాలిపోతాయి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, ఫోటో ల్యాబులో మ్యాట్ కాగితం మీద వేయించి, దాన్ని గోడకు పెట్టుకోండి.

స్కానింగు ఎలా?

చదువుకోవడానికి 300 డీపీఐ, బొమ్మల కోసం 600. ఏడంగుళాల వెడల్పు, తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తు పేజీని 600లో రంగుల్లో, కుదించకుండా తీస్తే దాదాపు 72 ఎంబీ అవుతుంది. 64 పేజీలకు 4.6 జీబీ. అందుకే అట్టా, బొమ్మల పేజీలూ 600లో, మిగతావి 300లో తీయడం తెలివైన పని.

పలచటి కాగితం కాబట్టి వెనకపేజీ అక్షరాలు నీడలా కనిపిస్తాయి. పేజీ వెనక నల్ల చార్టు కాగితం పెడితే ఆ నీడ మాయమవుతుంది. దీన్ని మించిన చిట్కా లేదు. బొమ్మల్లో గళ్లగళ్లుగా అలలు వస్తే స్కానరు సెట్టింగుల్లో డీస్క్రీన్ ఆన్ చెయ్యండి. పెళుసైన సంచికను స్కానరు మీద బోర్లా పెట్టి నొక్కొద్దు. స్టాండుకు ఫోను కట్టి పైనుంచి ఫోటో తీయండి, రెండువైపులా ఒకే రకం దీపాలు పెట్టండి. ఫైలు పేరు ‘చందమామ-1965-07-12’ పద్ధతిలో ఏడాది, నెల, పేజీగా పెడితే వరస తప్పదు.

స్కాన్ చేసినవి అందరికీ పంచొచ్చా?

మీరు చదువుకోవడానికి ప్రతి తీసుకోవచ్చు. అందరికీ పంచడం వేరు. మన చట్టంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లదాకా కాపీరైటు ఉంటుంది. కొడవటిగంటి రచనలకు అది 2040 చివరిదాకా, 1992లో పోయిన వపా బొమ్మలకు 2052 చివరిదాకా.

పాత సంచిక కొనేటప్పుడు ఏం చూడాలి?

నడిమి షీటు ఉందా, అట్ట అసలుదేనా లేక రంగు జిరాక్సా, ఫోటో వ్యాఖ్యల పోటీ కూపన్లలాంటి ముక్కలు కత్తిరించారా. పేజీ నంబర్లు చివరిదాకా లెక్కపెట్టండి. మొదటి ఆకు పోయిందంటే, ఒకే షీటు కాబట్టి చివరి ఆకు కూడా వదులై ఉంటుంది. వాసన చూడండి. ముక్కవాసన వేసేదాన్ని కొన్నా, నెలరోజులు మిగతావాటికి దూరంగా ఉంచండి.

మా పిల్లలకు తెలుగు చదవడం సరిగా రాదు. ఇవ్వాలా?

ఇవ్వండి. వాళ్ల కోసం అచ్చయిన పుస్తకం వాళ్ల చేతికి అందకుండా డబ్బాలోనే ఉంటే ఇంత శ్రమ ఎందుకు? బాగా గట్టిగా ఉన్న సంచికలు, ఎక్కువగా తర్వాతి ఏళ్లవి, ఐదారు వేరే తీసి వాళ్ల అరలో పెట్టండి. మీరు చదివి వినిపించడంతో మొదలుపెట్టండి. బేతాళ కథ అయితే బేతాళుడు ప్రశ్న అడగ్గానే సంచిక మూసేయండి. జవాబు వాళ్లు చెప్పాకే మళ్లీ తెరవాలి. విక్రమార్కుడి జవాబుతో వాళ్లు పోట్లాడితే ఆ కథ పనిచేసినట్టే. తర్వాత ఒక పేజీ చిన్న కథలు వాళ్లచేతే చదివించండి. పొడుగు సీరియళ్లు వరస సంచికలు ఉంటేనే ఇవ్వండి. మధ్యలో నెల లేకపోతే పిల్లలు మళ్లీ ముట్టుకోరు.

ఇంట్లో చోటు లేదు. ఏదైనా లైబ్రరీకి ఇవ్వొచ్చా?

ద్వారకానగర్‌లోని విశాఖపట్నం పౌర గ్రంథాలయం, ఆంధ్రా యూనివర్సిటీలోని డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం ముందు గుర్తొస్తాయి. పెట్టెతో నేరుగా వెళ్లకండి. ఏడాది, నెల, అట్ట ఉందో లేదో, ఏ పేజీలు లేవో రాసిన జాబితా పట్టుకెళ్లి ముందు అడగండి. వరస తెగని సంవత్సరాలను విడదీయకుండా ఒకేచోట ఇవ్వండి.

పేజీల మీద పేర్లు, పెన్ను గీతలు, రంగులు వేసిన బొమ్మలు ఉన్నాయి. చెరిపేయాలా?

చెరపకండి. అట్ట లోపల ఎవరో ఐదో తరగతి పిల్ల రాసుకున్న పేరు, సెక్షను, బడి పేరు, ‘ఎవరైనా తీసుకుంటే తిరిగి ఇవ్వవలెను’ అన్న హెచ్చరిక ఆ సంచికలో భాగమే. పైగా ఏడాది తేల్చడానికి ఒక్కోసారి అదొక్కటే ఆధారం. రబ్బరుతో రుద్దితే కాగితం పైపొర లేచి అక్కడే చిరుగుతుంది. మీ పేరు కూడా రాయాలనుకుంటే బాల్ పెన్ను వద్దు. మెత్తటి 2బీ పెన్సిలుతో, ఒత్తకుండా, దాని కిందే రాయండి.